రేవు దాటితే ఇంకో పేట

మా నాన్నగారు అంబాజీపేటలో కొబ్బరి కొట్టు గుమాస్తా. గుమాస్తా అంటే కొట్లో కూర్చుని ఆవర్జాలు రాసుకునేవాడనుకుంటారు చాలామంది. కోనసీమలో కొబ్బరి గుమాస్తా కొట్లో కూర్చునే రోజులు తక్కువ. ఏ తోటలో దింపు పడుతోంది, ఏ రైతు అటక మీద ఎన్ని వేల కాయ నిల్వుంది, ఎవరి దగ్గర అడ్వాన్సు ఇరుక్కుపోయింది, ఇవన్నీ చూసుకోవాలంటే ఊళ్ళంట తిరగాల్సిందే. బడికి సెలవులిస్తే ఆయన సైకిలు వెనక క్యారియరు మీద నేనుండేవాణ్ణి. 1960ల చివరా, 70ల మొదటా మాట ఇది.

పెద్దయ్యాక ఉద్యోగం హైదరాబాదులో. కొత్తగా వచ్చినవాణ్ణి వెంటేసుకుని పాతకాపులు ఊరు చూపించడం అక్కడో సరదా. బేగంబజారు తీరు వేరు, సుల్తాన్‌బజారు తీరు వేరు, చార్మినారు వెనక గల్లీల తీరు వేరు. నాలుగడుగులేస్తే మాట మారుతుంది, టీ మారుతుంది, కొట్టువాడు బేరమాడే పద్ధతి మారుతుంది. చూశాను, బాగుంది. కానీ అందరూ నోరెళ్ళబెట్టినట్టు నేను వెళ్ళబెట్టలేకపోయాను. మూడు గోదావరి పాయలకీ సముద్రానికీ మధ్యనున్న మా నేలా అలాంటి పట్నమేనని నాకు చిన్నప్పుడే తెలుసు. వీధుల బదులు కాలువలు, పేటల బదులు ఊళ్ళు, అంతే తేడా. బేగంబజార్లో ఓ కొట్టు ముందు ఎండు కొబ్బరి గోతాలు కనిపిస్తే ఆగి, ఎక్కణ్ణించి వచ్చాయని అడిగాను. అంబాజీపేటనే చెప్పాడు మార్వాడీ ఆయన. ఆ రోజుకి నా నగర దర్శనం అక్కడే ఆగిపోయింది.

కోనసీమ తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. ధవళేశ్వరం దగ్గర గోదావరి చీలుతుంది. తూర్పున గౌతమి, పడమర వశిష్ఠ. వశిష్ఠలోంచి వైనతేయ విడిపోయి నడిమధ్యగా సముద్రంలోకి పోతుంది. వైనతేయకి అవతల రాజోలు దీవి, ఇవతల అమలాపురం, పైన కొత్తపేట. నీళ్ళు దాటకుండా బయటికి పోయే దారి లేదు, లోపల కూడా చాలాచోట్ల నీళ్ళు దాటకుండా పక్కూరికి పోయే దారి లేదు. గౌతమి మీద జొన్నాడ దగ్గరా, వశిష్ఠ మీద సిద్ధాంతం దగ్గరా వంతెనలు పడ్డాక రావులపాలెం ఈ పట్నానికి సింహద్వారమైంది. లారీలన్నీ అక్కణ్ణించే. అరటి గెలలు సైకిళ్ళ మీద, ఇటు నాలుగు అటు నాలుగు వేలాడదీసుకుని, తొక్కేవాడి కాళ్ళు తప్ప ఇంకేమీ కనిపించకుండా ఆ మార్కెట్టుకి వెళ్ళేవి. కర్పూర, చక్రకేళి, అమృతపాణి. ఏ గెల ఏ లంకదో చూడగానే చెప్పగలిగే దళారులు ఉండేవాళ్ళు.

మా అంబాజీపేట సంగతి ముందు చెప్పాలి. మిగతా ఊళ్ళని నేను చూసింది ఆ ఊరి కొలతతోనే.

ఆ ఊళ్ళో పొద్దున్నే వినిపించేది ఒలుపు చప్పుడు. నేలలో గునపం నిటారుగా పాతి ఉంటుంది, మొన పైకి. ఒలిచే మనిషి కాయని రెండు చేతులా పట్టి దాని మీద గుచ్చి ఓ పక్కకి తిప్పుతాడు. చర్‌మని డొక్క చీలుతుంది. మళ్ళీ గుచ్చి తిప్పుతాడు. మూడో విసురుకి కాయ ఓ పక్క, డొక్క ఓ పక్క. చూపు కాయ మీద ఉండదు, పక్కవాడితో నిన్నటి సినిమా కథ చెప్తుంటాడు. మొన అరచేతికి అంగుళం దూరంలో దిగుతుంది. రోజుకి వెయ్యి దాటించేవాళ్ళు. లెక్క కాయ చొప్పున కాదు, వెయ్యి చొప్పున. మా ఇంట్లో వెయ్యి అంటే ముందు కాయలే గుర్తొచ్చేవి, రూపాయలు ఆ తర్వాత.

కురిడీ సంగతి వేరు. మంచి ముదురు కాయని డొక్కతోనే అటకెక్కిస్తారు. నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాకా అక్కడే. లోపల నీరు ఇంకిపోయి కొబ్బరి చిప్పని వదిలి గుండ్రంగా ముద్దలా విడిపోతుంది. మా నాన్నగారు కాయని చెవి దగ్గర పెట్టుకుని ఒక్కసారి ఆడించేవారు. గలగలలాడిందా, చప్పగా కొట్టుకుందా, అసలు కదల్లేదా, దాన్ని బట్టి పక్కకి పెట్టేవారు. మేలైనవి గండేరా, వాటి వెనక గటగటా. దీపావళికి రెండు నెలల ముందు నుంచీ రాజస్థాన్‌కీ గుజరాత్‌కీ లారీలు. గుజరాతీ షావుకారు ఎక్కడుంటాడో మా నాన్నగారు ఎన్నడూ చూడలేదు. టెలిగ్రాంలో వచ్చే ధర మాత్రం ఊరందరికంటే ముందు ఆయనకి తెలిసేది. ఆ ధర ముఖంలో కనపడకుండా రైతు అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగడమే ఆయన ఉద్యోగంలో అసలు పనితనం.

అంబాజీపేట నుంచి అమలాపురం దారిలో బండారులంక. అదో వేరే పేట. కొబ్బరి పీచు వాసన ఆగిపోయి గంజి వాసన మొదలయ్యేది. తెల్లవారుజామున వీధి పొడవునా పడుగు సాచి, ఇద్దరు మనుషులు రెండు వైపులా నడుస్తూ కుంచెతో గంజి పూస్తుండేవాళ్ళు. మేం సైకిలు దిగి, పోగులకి తగలకుండా అరుగుల వారగా నడిపించుకుంటూ పోవాలి. ఎవరూ చెప్పక్కర్లేదు, బస్సు అయినా ఆగేది. ఇళ్ళల్లో గుంట మగ్గాలు. చీకటిగా, చల్లగా ఉండే నేల గదిలో మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న మనిషి నడుము దాకానే కనిపిస్తాడు. ఆడవాళ్ళు అరుగుల మీద కండెలు చుట్టేవాళ్ళు. మా అమ్మ చీరలన్నీ అక్కడివే. పండక్కి ముందు మా నాన్నగారు కొబ్బరి నూనె ఓ డబ్బా వాళ్ళింట్లో దింపేవారు, తిరుగుదారిలో చీర తెచ్చేవారు. డబ్బు లెక్క ఏడాదికోసారి చూసుకునేవాళ్ళు. ఇద్దరి లెక్కా ఎప్పుడూ కలిసేది కాదు, తగువూ ఎప్పుడూ వచ్చేది కాదు.

అమలాపురం అసలు పట్నం. గడియార స్తంభం, కోర్టు, నల్లవంతెన, ఎర్రవంతెన, 1951లో పెట్టిన ఎస్‌కేబీఆర్ కాలేజీ. కాలేజీ కుర్రాళ్ళు మడత నలగని ప్యాంట్లు వేసుకుని వంతెన పిట్టగోడ మీద కూర్చునేవాళ్ళు. మా నాన్నగారికి ఆ ఊరంటే ఎందుకో గిట్టేది కాదు. అక్కడ బాకీ వసూలు చేయాలంటే ప్లీడరుండాలనేవారు. నాకు మాత్రం ఇష్టం. హోటల్లో పెసరట్టు ఉప్మా పెట్టించేవారు కాబట్టి.

వ్యాఘ్రేశ్వరం, ముక్కామల, గంగలకుర్రు అగ్రహారం వైపు వెళ్తే మాట తీరే మారిపోయేది. పెంకుటిళ్ళ లోగిళ్ళల్లో పొద్దున్నే పిల్లలు వేదం వల్లె వేస్తుండేవాళ్ళు. గురువుగారు లోపలెక్కడో స్నానం చేస్తూనే తప్పు పట్టుకుని అక్కణ్ణించే సవరించేవారు. నాన్నగారు అక్కడ గొంతు తగ్గించి మాట్లాడేవారు. బేరం కూడా మెల్లిగా సాగేది, ధర మాత్రం వాళ్ళు అంగుళం తగ్గేవాళ్ళు కాదు. “కాయ నీదే నాయనా, ధర మాది” అనేవారొక పెద్దాయన. ఆయన దగ్గర మా నాన్నగారు ఎన్నడూ గెలిచినట్టు నాకు గుర్తులేదు.

ప్రతి ఊరికీ చివర ఇంకో పేట ఉండేది. దింపు తీసేవాళ్ళు, కాయ ఒలిచేవాళ్ళు, పడవలకి బరువులెత్తేవాళ్ళు ఎక్కువమంది అక్కడివాళ్ళే. కాళ్ళకి బందం వేసుకుని అంత చెట్టు రెప్పపాటులో ఎక్కేసే మనిషి పేరు మా నాన్నగారికి తెలుసు, అతని తండ్రి పేరూ తెలుసు. కూలి డబ్బు మాత్రం తోటలోనో, కొట్టు అరుగు దగ్గరో ఇచ్చేవారు. ఆ పేటలోకి మా సైకిలు వెళ్ళింది లేదు. ఇన్ని ఊళ్ళు తిరిగినా ఆ బతుకు ఎలా ఉంటుందో నేను తర్వాతెప్పుడో బోయి భీమన్నగారి ‘పాలేరు’ నాటకం చదివి తెలుసుకోవలసి వచ్చింది. భీమన్నగారు 1911లో పుట్టింది మామిడికుదురులో. మా సైకిలు నెలకోసారైనా వెళ్ళే ఊరే అది.

కాలువల గురించి చెప్పాలంటే మా అమ్మ చెప్పాలి. ఆవిడ పెళ్ళికూతురుగా వచ్చింది పడవలోనే. ధవళేశ్వరంలో సాయంత్రం గూటి పడవెక్కితే, గట్టు మీద ఇద్దరు మనుషులు తాడు భుజాన వేసుకుని లాగుతుంటే, రాత్రంతా ప్రయాణం. లొల్ల లాకుల దగ్గర ఆగాలి. అక్కడే కాలువ పాయలుగా చీలి అమలాపురం వైపో దారి, గన్నవరం వైపో దారి. లాకులోకి పడవ రాగానే వెనక తలుపు మూసేస్తారు. ముందు తలుపు సందుల్లోంచి నీళ్ళు దిగుతుంటే పడవ, పడవలో మనుషులు, పెళ్ళివారి పెట్టెలు, అన్నీ కలిసి మెల్లిగా కిందికి దిగిపోతాయి. మా అమ్మ భయపడి అత్తగారి చెయ్యి పట్టుకుందట. ఆవిడ చెయ్యి పట్టుకోవడం అదే మొదలు, అదే చివర అనేది నవ్వుతూ.

ధవళేశ్వరం ఆనకట్ట కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి చేశాడు. అప్పుడు తవ్విన కాలువలు వరికే కాదు, ఇలాంటి ప్రయాణాలకి కూడా. నా చిన్నతనానికి మనుషుల పడవలు చాలావరకు పోయాయి, సరుకు పడవలే మిగిలాయి. పెంకులు, సరుగుడు కర్ర, గడ్డి, డొక్కలు. వేసవిలో కాలువలు కట్టేస్తే పడవలన్నీ ఎక్కడివక్కడ బురదలో కూర్చుండిపోయేవి. పడవవాళ్ళు ఆ రెండు నెలలూ తారు పూసుకుంటూ, చీట్లాడుకుంటూ, గట్టునే వండుకు తింటూ గడిపేవాళ్ళు. ఎండిన కాలువలో మేం చేపలు పట్టేవాళ్ళం. చేపలు పట్టాం అనడం గొప్ప. బురద పట్టేవాళ్ళం.

రేవులు మాత్రం నాకు బాగా గుర్తు. ఈ పట్నంలో ఏ పేటకి ఆ పేట వేరుగా ఉండటానికీ, ఒకరి సంగతి ఒకరికి తెలియడానికీ రేవే కారణమనుకుంటాను.

బోడసకుర్రు రేవులో వైనతేయ దాటి పాశర్లపూడి వైపు వెళ్ళాలి. మనం వెళ్ళేసరికి పడవ అవతలి ఒడ్డునుంటుంది. ఎప్పుడూ అవతలే ఉంటుంది, ఇదేం శాపమో. తాటాకు పాకలో టీకొట్టు, రెండు బల్లలు. రేవు పాట పాడుకున్నవాడి మనిషి చిన్న పెట్టె ముందేసుకుని కేవు వసూలు చేస్తాడు. మనిషికింత, సైకిలుకింత, మేకకింత. మేకని చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుంటే ఇవ్వక్కర్లేదని ఒకాయన వాదించడం నేను విన్నాను. గంట గడవాలి. ఆ గంటలో పక్కన కూర్చున్నవాడు ఊరుకోడు.

“ఏ ఊరండి?”

“అంబాజీపేటండి.”

“అంబాజీపేటలో ఎవరి తాలూకండి?”

చెప్పాను.

“ఆయ్! గుమాస్తాగారబ్బాయా! మీ నాన్నగారు మా బావమరిదికి పదిహేనొందల కాయ డబ్బివ్వాలి కదండీ. అడిగానని చెప్పకండేం. ఊరికే అన్నాను.”

పడవ వచ్చేలోగా మనకి ఆ మనిషి భూమి ఎంతో, కూతురు పెళ్ళి ఎందుకాగిందో, మొన్నటి గాలికి వాళ్ళూళ్ళో ఎన్ని చెట్లు పడ్డాయో తెలిసిపోయేది. మనది వాళ్ళకి తెలిసిపోయేది. రాజోలు దీవిలో చేలకి ఏం తెగులొచ్చిందో మా నాన్నగారు విన్నది పేపర్లో కాదు, రేవులోనే. పెళ్ళి సంబంధాలు, పొలాల కౌళ్ళు, దూడల బేరాలు, తప్పిపోయిన పిల్లల కబుర్లు, అన్నీ ఆ రెండు బల్లల మీద నుంచే. పడవలోకెక్కాక ఎవరెక్కడ కూర్చోవాలో మాత్రం ఎవరూ చెప్పకుండానే అందరికీ తెలిసుండేది. బల్లలు కొందరివి, పడవ అంచు కొందరిది. బాగుందనను. అలా ఉండేది.

శ్రావణం వచ్చాక గోదావరి ఎర్రగా దిగేది. ఆ నీళ్ళొచ్చాయంటే రేవు కట్టేస్తారు. లంకల్లో వాళ్ళు గట్టుకొచ్చి పాకలేసుకుంటారు. అటున్నవాడు అటే, ఇటున్నవాడు ఇటే. పురుటి నొప్పులొచ్చిన మనిషిని నాటు పడవ మీద వేసుకుని, ఇద్దరు గెడలు వేస్తూ, ఒకడు లాంతరు పట్టుకుని వరదలో దాటించడం ఒకసారి చూశాను. ఆవిడ ఏమైందో మాకు మర్నాడు కబురు తెలిసింది. రాయను. వంతెనలొచ్చి మన పాత బతుకు పోయిందని ఎవరైనా బెంగపడుతుంటే నాకు ఆ లాంతరే గుర్తొస్తుంది.

రాజోలు వైపు పోవడానికి గన్నవరం దగ్గర ఇంకో దారుండేది. కింద వైనతేయ, పైన కాలువ. 49 ఖానాల మీద కాలువని నది దాటించారు 1850ల మొదట్లో. ఆ నీళ్ళు లేకపోతే రాజోలు దీవిలో ఇంత వరి లేదు. 2000లో కొత్తది కట్టి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. పేరు పెట్టడంలో ప్రభుత్వాలు సరిగ్గా చేసిన పనులు కొన్నే ఉంటాయి, ఇదొకటి. సీతమ్మగారు 1841లో పుట్టి, గన్నవరం కోడలై వచ్చి, నది దాటి ఆకలితో వచ్చినవాళ్ళందరికీ వేళాపాళా లేకుండా అన్నం పెట్టింది. 1909లో పోయింది. నా చిన్నప్పుడు కూడా ఆ వైపు ఏ ఇంటి అరుగు మీద కూర్చున్నా ముందు “భోంచేశారా అండి?” అన్నాకే బేరం. మా నాన్నగారు తినేసి వచ్చామనేవారు. నేను నిజం చెప్పేవాణ్ణి.

రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి. ఆ దీవి మనిషి తీరు వేరు. మాటలో దీర్ఘం ఎక్కువ, కోపం త్వరగా వస్తుంది, త్వరగా పోతుంది. చివరికంటా పోతే అంతర్వేది, వశిష్ఠ సముద్రంలో కలిసే చోటు. మాఘమాసంలో నరసింహస్వామి కల్యాణానికి ఊళ్ళకి ఊళ్ళు బయల్దేరేవి. పల్లిపాలెంలో ఎండు చేపల వాసన, గుడి దగ్గర కర్పూరం వాసన. రెంటి మధ్యా రెండు ఫర్లాంగులు. మా నాన్నగారికి అక్కడ వసూలు చేసేదేమీ ఉండదు, కొబ్బరికాయ అమ్మేవాళ్ళ దగ్గర ధర ఎంత పలుకుతోందో వాకబు చేసేవారు. దేవుడి దగ్గర కూడానా అని మా అమ్మ విసుక్కునేది.

ఆత్రేయపురం వెళ్ళింది తక్కువ. కానీ అక్కడొక ఇంట్లో పూతరేకు తీయడం చూసిన సంగతి చెప్పకుండా ఉండలేను. కుండ బోర్లించి ఉంది, లోపల ఎండు కొబ్బరాకు మంట. నీళ్ళలా జారే బియ్యప్పిండిలో తెల్ల గుడ్డ ముంచి, రెండు కొసలూ పట్టుకుని కుండ వీపు మీద ఇలా పరిచి అలా లాగేసింది ఒకావిడ. కుండ మీద ఏమీ లేదనుకున్నాను. గోటితో కొస రేపి తీస్తే కాగితం కంటే పల్చగా రేకు వచ్చింది, దానిలోంచి ఆవిడ వేళ్ళు కనిపిస్తున్నాయి. బెల్లం, నెయ్యి వేసి మడత పెట్టి నా చేతిలో పెట్టింది. ఇప్పుడు జీడిపప్పు, చాక్లెట్టు, ఇంకా నానా చెత్తా వేసి అమ్ముతున్నారు. 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. బెల్లం పూతరేకుకి వచ్చిందో, చాక్లెట్టు దానికి వచ్చిందో మరి.

ఇన్ని పేటలూ ఒక్కచోట చేరే రోజు కనుమ. మొసలపల్లి దగ్గర జగ్గన్నతోటలో పదకొండు ఊళ్ళ రుద్రులు ప్రభల మీద వచ్చి కొలువుంటారు. గుడి లేదు, కొబ్బరితోట. గంగలకుర్రు ప్రభలు కౌశిక కాలువలో దిగి, పీకల్లోతు నీళ్ళలో, మోసేవాళ్ళ తలలు మాత్రమే కనిపిస్తూ “అశ్శరభ శరభ” అంటూ దాటి వస్తాయి. తర్వాత చేలకి అడ్డం పడి నడుస్తాయి. పచ్చటి పైరు తొక్కేస్తున్నా చేనుగల ఆసామి చేతులు జోడించుకుని నిలబడతాడు. మామూలు రోజున ఆ గట్టు మీద మేక నడిస్తే పంచాయితీ పెట్టే మనిషే. 2023 రిపబ్లిక్ డే కవాతులో ప్రభల తీర్థం శకటంగా ఢిల్లీలో నడిచింది. టీవీలో చూశాను. అక్కడ చేలు లేవు, తారు రోడ్డు. బాగానే ఉంది.

ఇదంతా ఎప్పుడు పోయిందంటే ఒక తారీఖు చెప్పలేం. ముందు లారీలొచ్చి సరుకు పడవలు పోయాయి. తర్వాత టెలిఫోను వచ్చి గుమాస్తాల తిరుగుడు పోయింది, రైతే నేరుగా నలుగురు షావుకార్లకి ఫోను చేసి ధర అడిగేవాడు. మా నాన్నగారు అప్పటికి పని మానేశారు. ఫోనులో అబద్ధమాడటం తేలిక, ముఖం చూపించక్కర్లేదుగా అనేవారు, ఆయనేదో ఎదురుగా కూర్చుని అన్నీ నిజాలే చెప్పినట్టు.

రాజోలు, మలికిపురం వైపు ఆడవాళ్ళు కువైట్‌కీ మస్కట్‌కీ ఇంటిపనులకి వెళ్ళడం మొదలైంది. పెంకుటిల్లు పోయి డాబాలు లేచినవి చాలావరకు ఆ డబ్బుతోనే. ఊరి చివరి పేటల్లో మొదటి డాబాలు కూడా అవే. పొలం లేనివాళ్ళ చేతికి, ఒకరి దయాదాక్షిణ్యాలతో పని లేకుండా డబ్బు రావడం మా ప్రాంతంలో అదే మొదటిసారేమో. వెళ్ళినవాళ్ళు అక్కడ ఏం పడ్డారో మాత్రం వాళ్ళు చెప్పరు, మనం అడగం.

1995 జనవరిలో పాశర్లపూడిలో చమురు బావి అంటుకుంది. రెండు నెలలు దాటి మండింది. రాత్రిళ్ళు దూరపు ఊళ్ళకి కూడా ఆకాశం ఎర్రగా కనిపించేది. మరుసటి ఏడాది నవంబరు 6న తుపాను. భైరవపాలెం, బలుసుతిప్ప వైపు సముద్రం మీదకి వెళ్ళిన మత్స్యకారులు ఎందరో తిరిగి రాలేదు. లోపల లక్షల చెట్లు, మొదలంట కొన్ని, నడుముకి విరిగి కొన్ని. చూడటానికి నేను హైదరాబాదు నుంచి వెళ్ళాను. మా ఊళ్ళో నాకు దారి తెలియలేదు. చిన్నప్పటినుంచీ ఏ మలుపులో ఎన్ని చెట్లో చూసుకుని తిరిగినవాణ్ణి, చెట్లు లేకపోయేసరికి ఎవరిల్లు ఎక్కడుందో పోల్చుకోలేకపోయాను. కొబ్బరి మళ్ళీ వేశారు. కాపుకి రావడానికి ఏళ్ళు పట్టింది. ఆ ఏళ్ళలో చాలామంది పిల్లలు చదువులకి బయటికి వెళ్ళిపోయారు.

2002లో ఎదుర్లంక, యానాం మధ్య గౌతమి మీద వంతెన పడింది. అదే ఏడు మార్చిలో హెలికాప్టరు ప్రమాదంలో పోయిన జి.ఎం.సి. బాలయోగిగారి పేరు దానికి. లోక్‌సభ స్పీకరు కుర్చీ దాకా వెళ్ళిన మా కోనసీమ మనిషి. ఇప్పుడు కాకినాడ పోవడానికి ముక్తేశ్వరం రేవులో కోటిపల్లి వైపు చూస్తూ కూర్చోనక్కర్లేదు. యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ళది కాబట్టి అక్కడ మద్యం చవక, పద్ధతి వేరు. వెనకటికి సాయంత్రం పడవలో అవతలికి వెళ్ళినవాళ్ళు చివరి పడవకి తిరిగొచ్చేటప్పుడు సరంగు కూడా కొంచెం జాగ్రత్తగా ఉండేవాడు. వైనతేయ మీద బోడసకుర్రు దగ్గరా, వశిష్ఠ మీద చించినాడ దగ్గరా వంతెనలు పడ్డాయి. గంట పట్టే చోట రెండు నిమిషాలు. కారు అద్దం దించే లోపే నది అయిపోతుంది.

ఇప్పుడు బండారులంక ఎక్కడ మొదలై అమలాపురం ఎక్కడ మొదలవుతుందో తెలియదు. అవే బంగారం కొట్ల బోర్డులు, అవే కార్పొరేట్ బడుల బస్సులు, అవే బిర్యానీ సెంటర్లు. వీధిలో పడుగు సాచే చోటు లేదు, సాచేవాళ్ళూ కొద్దిమందే. ఊళ్ళు కలిసిపోయాయి. పేటలు కలిశాయా అంటే నాకు అనుమానమే. 2022 ఏప్రిల్‌లో కోనసీమ జిల్లా అయింది. దానికి అంబేడ్కర్ పేరు చేర్చాలన్నప్పుడు, మే 24న అమలాపురంలో ఇళ్ళు తగలబడ్డాయి. ఆ మంటలు టీవీలో చూస్తుంటే, పడవలో ఎవరెక్కడ కూర్చోవాలో చెప్పకుండానే తెలిసిన ఆ రోజులు అంత దూరం పోలేదేమో అనిపించింది. పేరు మారింది. రేవు మీద అడిగిన “ఎవరి తాలూకండి” ప్రశ్న ఇప్పుడెవరూ నోరు తెరిచి అడగరు, ఇంటిపేరు విని ఊహించుకుంటారు.

మొన్న నరసాపురంలో ఒక పెళ్ళికి వెళ్తూ, కావాలనే సఖినేటిపల్లి రేవు మీదుగా వెళ్ళాను. అక్కడ వంతెన ఇంకా లేదు, పంటే. కార్లు, ఆటోలు, మోటారు సైకిళ్ళు, ఓ పెళ్ళివారి వ్యాను, అన్నీ ఇనుప పళ్ళెం మీద సర్దేశారు. జనం కార్లోంచి దిగలేదు. అద్దాలెత్తుకుని, ఏసీ వేసుకుని, ఫోన్లు చూసుకుంటున్నారు. నేను దిగి రెయిలింగు దగ్గర నిలబడితే, బళ్ళు సర్దే మనిషి వచ్చాడు. నా వయసువాడే ఉంటాడు.

“వంతెన వస్తుందంటున్నారు కదండీ,” అన్నాను.

“ఎప్పట్నుంచో వత్తందండి. శంకుస్థాపన ఒకటికి రెండుసార్లు అయ్యిందండి. నేను కుర్రోణ్ణప్పుడు ఒకటి, మా పిల్లోడి చదువప్పుడు ఒకటి.”

“వస్తే మీ పని పోతుందిగా?”

ఆయన నా వంక వింతగా చూశాడు.

“పోతే పోనీండి. మా కోడల్ని పురుటికి నరసాపురం తీసుకెళ్తుంటే పొగమంచని పంటు ఆపేశారండి. మా పంటేనండి, నేనే కట్టాను తాడు. రెండు గంటలు కూర్చున్నాం. పిల్ల బానే ఉందనుకోండి, ఇప్పుడు ఒకటో క్లాసు.” అని, అవతల వ్యాను డ్రైవరు బ్రేకు వెయ్యలేదని కేకేస్తే, “ఒరేయ్, రాయి పెట్టరా చక్రానికి!” అనుకుంటూ అటు పరిగెత్తాడు.